క్ల్యాజ్మా తీరాన ఒక క్రీడాసంఘం

ఫుట్‌బాల్ జట్టు చరిత్ర సాహిత్యప్రియులు చదువదగిన విషయమేనా అని కొందరు పాఠకులు సందేహించవచ్చు. మొదట నేనూ సందేహించాను. గోర్కీకి ఆప్తమిత్రుడైన ఒక మిల్లు యజమానిని గూర్చి తెలుసుకోవాలని హిందీలోను, ఇంగ్లీషులోను దొరికిన పుస్తకాలు తిరగవేస్తూ ఉండగా, ఆ యజమాని వంశంవారి మిల్లులలోని పనివారు ఆడిన ఆటను గూర్చిన ప్రస్తావన కంటబడింది. యజమాని సంగతి అక్కడనే విడిచి ఆ బంతి వెంట పోయాను. రష్యాలో కార్మికుడు మొదట ఏ హక్కును గెలుచుకొన్నాడు, దానికి బదులుగా యజమాని అతని చేతిలో ఏమి పెట్టాడు, పెట్టినది చివరకు ఎవరి సొత్తయింది అనే ప్రశ్నలకు ఈ చిన్న జట్టు కథలో కొంత సమాధానమున్నది.

మాస్కోకు తూర్పుగా సుమారు 90 కిలోమీటర్ల దూరాన, క్ల్యాజ్మా నది ఒడ్డున ఉన్నది ఒరేఖొవో-జూయెవో పట్టణం. 1917 వరకు అది పట్టణం కాదు. నదికి ఒక దరిని మాస్కో పరగణాకు చెందిన జూయెవో గ్రామం, రెండవ దరిని వ్లదీమిర్ పరగణాకు చెందిన ఒరేఖొవో, నికోల్స్కొయె అనే స్థలాలు ఉండేవి. వేలకొద్ది జనం, పెద్ద పెద్ద మిల్లులు, ఇటుక కట్టడాలలో కుటుంబాలకు కుటుంబాలు క్రిక్కిరిసి కాపురముండే కూలీల బారకాసులు ఉండి కూడ, సర్కారు లెక్కలో అవి పల్లెలే.

ఈ పల్లెలకు ఊపిరి పోసినవాడు సవ్వా వసీల్యెవిచ్ మొరోజోవ్. అతడు పుట్టుకచేత ఒక జమీందారుకు కట్టుబానిస. 1797లో జూయెవోలో పట్టునాడాలు నేసే చిన్న మగ్గపుసాల పెట్టుకొన్నాడు. 1812లో నెపోలియను దండయాత్రలో మాస్కో తగులబడి, నగరం మళ్లీ లేచి నిలబడే రోజులలో గుడ్డకు గిరాకి పెరిగింది. అతని వ్యాపారమూ పెరిగింది. తన సొంత మనిషితనాన్ని కొనుక్కోవడానికి అతడు జమీందారుకు 17,000 రూబుళ్లు చెల్లించాడు. మగ్గం మీద సంపాదించిన డబ్బుతో తన మెడలోని పలుపు తానే విప్పుకొన్న ఆ సాలెవాని మనుమలు కోటీశ్వరులయ్యారు. వారి మిల్లులలో పనిచేసినవారి మెడలకు మాత్రం వేరొక పలుపు పడింది.

మొరోజోవులు ప్రాచీన విశ్వాసులు. పదిహేడవ శతాబ్దిలో రష్యా మతపీఠం ప్రవేశపెట్టిన సంస్కరణలను ఒప్పుకొనక, శిలువ గుర్తును మూడు వేళ్లతో కాక రెండు వేళ్లతోనే వేసుకొంటామని పట్టుబట్టి, అందుకై అనేక హింసలకు లోనయిన శాఖ అది. గడ్డం గొరగరాదు, పొగ త్రాగరాదు, మాట తప్పరాదు. ఇటువంటి శాఖలనుండి గొప్ప వర్తకులు బయలుదేరడం చాల దేశాల చరిత్రలో కనబడుతుంది. మన మార్వాడీ సోదరులను ఎరిగినవారికి ఈ విషయం విప్పి చెప్పనక్కరలేదు.

ఇంగ్లండు దేశం తన నూలుయంత్రాలు పరదేశాలకు పోకుండ చాలకాలం శాసనం చేసి ఆపుకొన్నది. 1843లో ఆ కట్టుబాటు తొలగింది. బ్రెమెన్ నగరంలో పుట్టి, మాంచెస్టరు వర్తక సంస్థ ఒకదాని తరఫున మాస్కోకు వచ్చిన లుడ్విగ్ క్నోప్ అనే యువకుడు మొరోజోవులకు లాంకషైరు యంత్రాలు తెప్పించి మిల్లు నిలబెట్టి ఇచ్చాడు. అక్కడినుండి అతడు కట్టించిన రష్యను మిల్లులు నూటికి పైబడినవి. గుడి ఉన్నచోట పూజారి ఎట్లా ఉంటాడో, మిల్లు ఉన్నచోట క్నోప్ అట్లా ఉంటాడని రష్యనులు పరిహాసంగా అనుకొనేవారట. యంత్రంతోపాటు దానిని నడపడం తెలిసిన మనిషీ రావాలి కదా! అందుచేత లాంకషైరునుండి మేస్త్రీలు, యంత్రజ్ఞులు, నిర్వాహకులు కుటుంబాలతో వచ్చి ఆ మంచునేలమీద ఇండ్లు కట్టుకొన్నారు. అదే లాంకషైరు యంత్రాలు ఆ శతాబ్ది ఉత్తరార్ధంలో బొంబాయి మిల్లులకూ వచ్చాయి. లాంకషైరు గుడ్డ మన సాలెవారి మగ్గాలను ఏమి చేసిందో ఆంధ్ర పాఠకునికి వేరుగ చెప్పవలసిన పనిలేదు. భేదమల్లా, మనకు ఇంగ్లీషువాడు ప్రభువుగా వచ్చాడు. ఒరేఖొవోకు అతడు జీతానికి వచ్చాడు. ఈ భేదాన్ని పాఠకులు కొంచెం గుర్తుంచుకోవలె.

ఇక 1885 సంగతి. బంతి రాకకు ముందు జరిగిన ఈ కథ తెలియకపోతే బంతి ఎందుకు వచ్చిందో బోధపడదు. నికోల్స్కొయె మిల్లుకు అప్పటి యజమాని తిమొఫేయ్ సవ్విచ్ మొరోజోవ్, కట్టుబానిసగా పుట్టిన ఆ సవ్వాకు కొడుకు. 1882కు, 1884కు మధ్య అతడు కూలిరేట్లు అయిదుమార్లు తగ్గించాడు. తగ్గించిన కూలిలోనుండి మళ్లీ జరిమానాలు. నేతలో లోపముంటే జరిమానా, ఆలస్యమైతే జరిమానా, మేస్త్రీ ఎదుట నోరెత్తితే జరిమానా. ఒక్కొక్కరికి సంపాదనలో నాలుగవవంతు ఈ విధంగా కోతపడేది. ఆ డబ్బు పోయేది యజమాని పెట్టెలోకే. అంటే పనివాని తప్పుకూడ యజమానికి ఒక రాబడి అన్నమాట. 1885 జనవరిలో, వాడుక ప్రకారం సెలవు కావలసిన పండుగ నాడు పని ఉన్నదని ప్రకటించారు. ఆ ఉదయం మగ్గాలు ఆగిపోయాయి. ప్యోత్ర్ మొయిసేయెంకో, వసీలీ వోల్కొవ్ అనే నేతగాండ్రు ముందు నిలిచారు. సుమారు 8,000 మంది పని మానారు. జనం ఆగ్రహంతో మేస్త్రీ బసమీద, మిల్లు దుకాణం మీద పడ్డారు. సైనిక పటాలాలు, కొసాక్కు రౌతులు దిగారు. వందలకొద్ది పనివారిని పట్టి, వారి వారి స్వగ్రామాలకు తరిమివేశారు.

ఇంతవరకు ఇది ఏ దేశంలోనైనా జరిగిన కథయే. తరువాత జరిగినది మాత్రం వింత. 1886లో వ్లదీమిర్ నగరంలో విచారణ జరిగింది. ముద్దాయిల నేరాలను గూర్చి న్యాయస్థానం అడిగిన 101 ప్రశ్నలకు, జూరీ వారు 101 మార్లు నిరపరాధులనే సమాధానం చెప్పారు. విచారణలో జరిమానాల లెక్కలు బయటపడేసరికి బోనులో ఉన్నది కూలివారా, యజమానియా అన్న సందేహం కలిగే స్థితి ఏర్పడింది. రష్యాలో కార్మిక సమస్య అనేది ఒకటి పుట్టినదని చాటుతూ 101 ఫిరంగులు పేలాయని కత్కోవ్ అనే ఛాందస పత్రికాధిపతి అక్కసుతో వ్రాశాడు. అక్కసుతో అన్నా అతడు అన్నమాట నిజమే. ఆ సంవత్సరం జూను 3వ తేదీ శాసనం జరిమానాలకు హద్దు నిర్ణయించింది. వసూలైన జరిమానా యజమానికి చెందరాదు, పనివారి అవసరాలకే వినియోగపడాలని విధించింది. లెనిను తరువాత 1895లో ఈ జరిమానాల చట్టాన్ని గూర్చియే కార్మికులకోసం ఒక చిన్న పుస్తకం వ్రాశాడు.

సమ్మె జరిగిన రెండేండ్లకు, అనగా 1887లో, ఒరేఖొవోలో మొదటి బంతి గెంతిందని సంప్రదాయంగా చెప్పుకొంటారు. లాంకషైరునుండి వచ్చిన చార్నాక్ అనే కుటుంబం ఒకటి మొరోజోవుల కొలువులో ఉండేది. ఆ సోదరులలో క్లెమెంట్, హారీ అనే ఇద్దరి పేర్లు ఈ కథలో ముఖ్యంగా వినవస్తాయి. తమ ఊరివైపు ప్రసిద్ధమైన బ్లాక్‌బర్న్ రోవర్స్ జట్టు నీలం, తెలుపు రంగులనే ఇక్కడి పనివారికీ తొడిగించారట. బూట్లు కొనడానికి డబ్బు చాలక, పనివారి సొంత జోళ్లకే మిల్లులోని యంత్రంతో అడుగున గుబ్బలు బిగించి ఆడించారని కూడ చెబుతారు. కథలో అలంకారం ఎంతో, యథార్థమెంతో విడదీయడం కష్టం. కాని ఆ జోళ్ల ముచ్చట నాకు నమ్మదగినదిగానే తోస్తుంది. ఉన్న వస్తువును మార్చి వాడుకోవడం మిల్లులో పనిచేసే ఎవనికైనా అలవాటైన విద్య.

మొదట ఈ ఆటకు ఇద్దరు శత్రువులు. ఒకరు ప్రాచీన విశ్వాసులలోని పెద్దలు. మోకాళ్లు కనబడేటట్లు పొట్టి లాగులు తొడుక్కొని మగవారు మైదానంలో పరుగెత్తడం వారి కంటికి పచ్చి అనాచారం. రెండవవారు పోలీసులు. సమ్మె జరిగిన ఊరిలో పనివారు ఒకచోట చేరడమంటేనే వారికి గుండెదడ. ఈ ఇద్దరికీ చార్నాక్ చెప్పగల సమాధానం ఒకటే. ఆదివారంనాడు బంతి ఆడేవాడు వోడ్కా త్రాగడు, వోడ్కా దుకాణంలో కూర్చుండనివాడు రాజకీయాలు వినడు. ఈ లెక్క దాచుకొన్న లెక్క కాదు. త్రాగుడుకు, రాజకీయ ప్రచారానికి విరుగుడుగానే చార్నాక్ ఈ ఆటను మిల్లులో ప్రవేశపెట్టాడని అతని స్నేహితుడు, బ్రిటిషు రాయబార ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ లాక్‌హార్ట్ తన జ్ఞాపకాలలో మెచ్చుకొంటూ వ్రాశాడు. ఇతర మిల్లులవారు కూడ ఈ మార్గమే అనుసరించి ఉంటే రష్యను కార్మికుని స్వభావమే మారిపోయి ఉండేదని ఆయన తలంపు. ఈ తలంపుతో నేను ఏకీభవించలేను. ఒరేఖొవోలో ఆట వచ్చిన తరువాత 1905 కూడ వచ్చింది, ఆ ఏట అక్కడి పనివారూ లేచారు. బంతి ఆడినంతమాత్రాన మనిషి తన కూలిలెక్క మరచిపోడు.

ఆ 1905లోనే మొరోజోవుల ఇంటిలోనూ ఒక విషాదం జరిగింది. తిమొఫేయ్ కుమారుడు, తాతపేరే పెట్టుకొన్న సవ్వా తిమొఫేయెవిచ్, ఇంగ్లండులో రసాయనశాస్త్రం చదివివచ్చినవాడు. మాస్కో కళానాటకశాలకు తన ధనం ధారపోసినవాడు. మన తెలుగువారు 'అమ్మ' నవలకర్తగా ఎరిగిన మక్సీం గోర్కీకి ప్రాణమిత్రుడు. మిల్లు లాభంలో పనివారికి భాగమివ్వాలని అతడు ప్రతిపాదించగా, వాటాలలో అధికభాగం చేతనున్న తల్లి అతనిని నిర్వాహకత్వంనుండి తొలగించింది. కొన్ని నెలలకు ఫ్రాన్సులోని కాన్ నగరంలో తుపాకిగుండు దెబ్బతో మరణించాడు. కూలివానికి లాభంలో భాగం ఇవ్వడానికి ఒప్పుకోని ఒరేఖొవో, ఆటస్థలం ఇవ్వడానికి మాత్రం ఒప్పుకొన్నది.

1909లో ఆ ఆటగాండ్ర బృందం 'ఒరేఖొవో క్రీడాసంఘం' అనే పేరుతో సర్కారు అనుమతి పొందింది. ఊరివారు, మాస్కోవారు మాత్రం దానిని 'మొరోజొవ్త్సీ' అనే పిలిచేవారు. ఈ మాట దగ్గర అనువాదకుని కలం ఆగిపోతుంది. రష్యనులో ఆ ప్రత్యయం ఒకరికి చెందినవారని చెబుతుందేగాని ఏ విధంగా చెందినవారో చెప్పదు. కొలువువారా, కుదువపెట్టబడినవారా, కుటుంబంవారా? హిందీలో 'మొరోజోవ్‌వాలే' అని సులభంగా గట్టెక్కవచ్చు. తెలుగులో 'మొరోజోవువారు' అంటే మర్యాదంతా యజమానికే పోయి పనివాడు మాయమవుతాడు. 'మొరోజోవు మనుష్యులు' అంటే కర్రలు పట్టుకొని తిరిగే బంటులనే అర్థం వస్తుంది. సమ్మెకు కూడ చరిత్రలో 'మొరోజోవు సమ్మె' అనే పేరే నిలిచింది. యజమాని పేరు యజమానికి ఎదురుతిరిగినవారికీ అంటుకొన్నది. అందుచేత ఈ మాటను నేను అట్లాగే ఉంచుతున్నాను.

మాస్కోలో అప్పుడే క్లబ్బుల పోటీలు క్రమబద్ధమవుతున్నాయి. ఆ క్లబ్బులలో చాల వాటిలో వర్తకుల కుమారులు, గుమాస్తాలు, విద్యార్థులు, విదేశీయులు ఆడేవారు. పల్లెటూరి మిల్లునుండి రైలెక్కివచ్చిన మొరోజొవ్త్సీ 1910, 1911, 1912, 1913 సంవత్సరాలలో వరుసగా నాలుగుమార్లు మాస్కో లీగు విజేతలయ్యారు. ఆ జట్టులో లాంకషైరు మేస్త్రీలు కొందరు, రష్యను పనివారు కొందరు. ఫుట్‌బాల్ బాగుగా ఆడగల యంత్రజ్ఞులు, గుమాస్తాలు కావాలని చార్నాక్ లండను పత్రికలో ప్రకటనలు వేయించాడని ఒక కథ ఉన్నది. కథ కావచ్చు, కాని ఆ నాలుగు విజయాలు కథ కాదు. అదే కాలంలో, 1912లో, స్టాక్‌హోం ఒలింపిక్ పోటీలలో రష్యా దేశపు జట్టు జర్మనీ చేతిలో 16-0 తేడాతో ఓడిపోయింది. దేశంలో ఆట ఇంకా పసితనంలోనే ఉన్నదనడానికి ఇంతకన్న తార్కాణం అక్కరలేదు.

లాక్‌హార్ట్ 1912 ప్రారంభంలో మాస్కోకు ఉపకాన్సలుగా వచ్చాడు. చార్నాకులు అతనిని జట్టులో చేర్చుకొన్నారు. రగ్బీ క్రీడాకారుడైన అతని తమ్ముడని పొరబడి తనను పిలిచారని లాక్‌హార్టే నవ్వుతూ చెప్పుకొన్నాడు. ఆ సంవత్సరపు విజయానికి అతనికి దక్కిన బంగారు పతకం నేడు స్కాట్లండు జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది. అతడే 1918లో మళ్లీ బ్రిటిషు ప్రతినిధిగా వచ్చి, బోల్షివిక్కు ప్రభుత్వంపై కుట్ర చేశాడన్న ఆరోపణతో ఖైదు అయి, లండనులో పట్టుబడిన లిట్వినోవుకు బదులుగా విడుదలయ్యాడు. ఇంగ్లీషు పుస్తకాలలో ఒరేఖొవో జట్టు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ముందుగా ఈ గూఢచారి ముచ్చటయే వస్తుంది. తాను గొప్ప ఆటగాడినని అతడే అనుకోలేదు. ప్రక్కన ఆడిన నేతగాండ్రు ఎంతమంది, వారి కథ ఏమిటి అని ఆ పుస్తకాలు అడగవు. జ్ఞాపకాలు వ్రాసుకొనే తీరిక ఎవరికి ఉంటుందో చరిత్రలో వారికే చోటు దొరుకుతుంది. మగ్గం ముందు నిలబడ్డవానికి ఆ తీరిక ఎక్కడిది?

మొరోజొవ్త్సీ రెండవసారి గెలిచిన 1911లోనే, జూలై 29వ తేదీన, కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఈస్టు యార్కుషైరు పటాలాన్ని 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డును గెలుచుకొన్నది. మనవారిలో ఒక్కరు తప్ప తక్కినవారు బూట్లు లేకుండానే ఆడారు. ఆనాడు వంగదేశం పొందిన ఆనందం కేవలం ఆటకు సంబంధించినది కాదు. పైన చెప్పిన భేదం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. కలకత్తాలో ఇంగ్లీషువాడు ఎదుటిపక్షం. ఒరేఖొవోలో అతడు అదే జట్టు, అదే మిల్లు. అక్కడి పనివానికి ఎదుటిపక్షం మైదానంలో లేదు, ఆ మైదానం ఇచ్చినవాడే ఎదుటిపక్షం. కనుక మన కథ వలె వారి కథను ఒక్క సాయంకాలపు జయధ్వానంతో ముగించడానికి వీలులేదు.

1914లో ఒరేఖొవోలో వేలమంది కూర్చుండదగిన క్రీడారంగం వెలిసింది. ఆ వేసవిలోనే యుద్ధం వచ్చిపడింది. యుద్ధం రాగానే జారు ప్రభుత్వం వోడ్కా అమ్మకాన్ని నిషేధించింది. దేనిని మాన్పించడానికి బంతిని తెచ్చారో దానిని ఒక్క ఫర్మానా మాన్పించింది, కనీసం కాగితం మీద. 1917లో గ్రామాలన్నీ కలిసి ఒరేఖొవో-జూయెవో పట్టణమయింది. మిల్లులు ప్రభుత్వపరమయ్యాయి. ఆ తరువాత జట్టుకు ఎన్నో పేర్లు మారాయి. 1958 నుండి 'జ్నామ్య త్రుదా' అనే పేరు స్థిరపడింది. శ్రమపతాక అని అర్థం. ఈ పేరును తెనిగించడంలో ఏ చిక్కూ లేదు. యజమాని పేరు పోయి శ్రమ పేరు వచ్చింది. పేరులోకి వచ్చిన శ్రమకు గౌరవం కూలిలోకి ఎంత వచ్చిందన్నది వేరే ప్రశ్న.

పాశ్చాత్య గ్రంథాలలో తరచుగా కనబడే ఒక మాటను ఇక్కడ పరిశీలించాలి. 1923లో స్థాపితమైన మాస్కో డైనమో జట్టు ఒరేఖొవో జట్టుకు వారసురాలని, అందుకే దాని రంగులు నీలం, తెలుపు అని ఆ మాట. 1945లో డైనమో ఇంగ్లండు పర్యటించి, చెల్సీతో 3-3గా సరితూగి, కార్డిఫ్‌ను 10-1తోను, ఆర్సెనల్‌ను 4-3తోను ఓడించి అందరినీ ఆశ్చర్యపరచింది. అంతటి జట్టుకు మూలపురుషుడు మన లాంకషైరువాడే అని చెప్పుకోవడం ఇంగ్లీషువారికి ఎంత తీపిగా ఉంటుందో ఊహించవచ్చు. కాని రంగుల పోలిక తప్ప గట్టి ఆధారం కనబడదు. డైనమో పుట్టింది సోవియట్ రక్షకభటశాఖ ఆశ్రయంలో. పనివారు గుమిగూడుతున్నారని జారు పోలీసులు అనుమానించిన ఆ మిల్లు జట్టును తెచ్చి మరొక పోలీసు శాఖవారి జట్టుకు తాతను చేయడం కొంత వేళాకోళంగానే ఉన్నది. అన్నిటికంటె మించి, ఒరేఖొవో జట్టు ఎక్కడికీ పోలేదు. తన ఊరిలోనే ఉండి, తన చిన్న మైదానంలోనే ఆడుతూ వచ్చింది. బ్రతికి ఉన్నవానికి వారసుని వెదకడం ఎందుకు?

1962లో అది బ్రతికే ఉన్నదని దేశమంతా చూసింది. సోవియట్ కప్పు పోటీలో పెద్ద క్లబ్బులతోపాటు క్రింది శ్రేణులవారూ పాల్గొనవచ్చు. ఆ ఏడు రెండవ శ్రేణిలోని జ్నామ్య త్రుదా ఒక్కొక్క మెట్టే ఎక్కి అంతిమ పోటీకి చేరింది. రెండవ శ్రేణి జట్టు అంతదూరం రావడం అరుదు. ఆగస్టు 11వ తేదీన, మాస్కోలోని లెనిను క్రీడారంగంలో, దొనెత్స్క్ నగరపు షఖ్త్యోర్ జట్టు ఎదురయింది. షఖ్త్యోర్ అంటే గని కార్మికుడు. 1936లో ఆ జట్టు పుట్టినప్పుడు, ముందటి ఏట ఒక్క పనివేళలో 102 టన్నుల బొగ్గు త్రవ్వినవాడని ప్రచారం పొందిన స్తఖానొవ్ పేరు మీదనే దానికి నామకరణం చేశారు. ఒలేగ్ ఒషెన్కొవ్ శిక్షణలో అది అంతకుముందటి ఏడే కప్పు గెలుచుకొన్నది. ఒకవైపు బొగ్గు, ఒకవైపు నూలు. బొగ్గే గెలిచింది, 2-0. కప్పు దొనెత్స్కుకు పోయింది. ఒరేఖొవోవారు రైలెక్కి 90 కిలోమీటర్లు వెనుకకు వచ్చారు.

అంత ఎత్తుకు ఆ జట్టు మళ్లీ ఎన్నడూ ఎక్కలేదు. 1991 తరువాత సోవియట్ రాజ్యం పోయి, నూలుమిల్లులకు గడ్డుకాలం వచ్చింది. జట్టు కొంతకాలం మూడవ శ్రేణిలో, కొంతకాలం అంతకంటె దిగువను ఆడింది. రష్యాలో తామే అందరికంటె పాత ఫుట్‌బాల్ సంఘమన్న అభిమానాన్ని మాత్రం ఒరేఖొవోవారు వదులుకోలేదు. ఆ లెక్కలో ఒక విశేషమున్నది. చార్నాకుల బంతి మొదట గెంతిన 1887ను వారు జన్మ సంవత్సరంగా చెప్పుకొని ఉంటే వయస్సు ఇరవై రెండేండ్లు పెరిగేది, పాతదనమూ పెరిగేది. కాని సంఘం తన పుట్టుకను 1909నుండియే, అనగా పనివారు, మేస్త్రీలు కలిసి ఊరిపేర సంఘంగా ఏర్పడి అనుమతిపత్రం పొందిన ఏటినుండియే, లెక్కించుకొన్నది.